బిలాస్‌పూర్‌లో కార్ డీటెయిలింగ్: ఎవరినీ మొహమాటపెట్టకుండా గిరాకీ పెంచుకోవడం ఎలా?

ఉద్యోగమో చదువో కొనసాగిస్తూనే సాయంత్రాల్లో, సెలవు దినాల్లో చేసుకోదగిన ఉపవృత్తుల్లో కార్ డీటెయిలింగ్ ఒకటి. దీనికి పెద్ద దుకాణం అక్కరలేదు. ప్రెషర్ వాషర్, వ్యాక్యూమ్ క్లీనర్, పాలిషింగ్ మెషీన్, కొన్ని రసాయనాలు, మైక్రోఫైబర్ గుడ్డలు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. నైపుణ్యం సాధనతో వస్తుంది. అసలు కష్టం మొదటి పది మంది కస్టమర్లను సంపాదించడంలో ఉంటుంది. ఆ పది మందీ సాధారణంగా పరిచయస్తులే. పరిచయస్తులు అడిగితే కాదనలేరు. అలా కాదనలేక ఇచ్చిన పని చాలావరకు ఒక్కసారితోనే ఆగిపోతుంది.

అందరికీ అందరూ తెలిసిన రైల్వే పట్టణంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. పక్క క్వార్టర్‌లో ఉండే వ్యక్తి తండ్రికి పై అధికారి కావచ్చు, ఎదురింటి వారు కింది ఉద్యోగి కావచ్చు. అక్కడ ఒక వ్యాపార అభ్యర్థన మర్యాదకు సంబంధించిన విషయంగానే మిగలదు, ఉద్యోగ నిబంధనలకూ సంబంధించిన విషయమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నేపథ్యంలో, ఎదుటివారు సులువుగా ‘వద్దు’ అనగలిగే విధంగా గిరాకీని ఎలా పెంచుకోవచ్చో ఈ కథనం వివరిస్తుంది.

రైల్వేతో పెరిగిన ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను ముఖ్యమైన కూడలిగా మార్చింది. ఆ సంస్థ మార్గాలు విశాఖపట్నం వైపు కూడా విస్తరించడంతో ఉత్తరాంధ్ర నుంచి అనేక తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్, టాటానగర్, రాయ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే కేంద్రాలకు వలస వెళ్లాయి. రాయ్‌పూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయ్యాక ఈ రాకపోకలు మరింత సులువయ్యాయి. కోర్బా–విశాఖపట్నం, బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పటికీ ఆ బంధాన్ని కొనసాగిస్తున్నాయి.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టును బిలాస్‌పూర్‌లో నెలకొల్పారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఇదే కేంద్రంగా ప్రారంభమైంది. బొగ్గు సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే ఉంది. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొందింది. రైల్వే సిబ్బంది, బొగ్గు సంస్థ అధికారులు, న్యాయవాదులు, అధ్యాపకులు, వైద్యులతో కూడిన ఈ ఉద్యోగవర్గమే డీటెయిలింగ్ సేవలకు సహజమైన గిరాకీ. వీరిలో చాలామంది ప్రవర్తనా నియమావళికి లోబడిన వారు కూడా. ఈ రెండు విషయాలనూ కలిపి చూడాలి.

కడగడానికీ డీటెయిలింగ్‌కూ తేడా

కారును కడగడం అంటే పైన పేరుకున్న మట్టిని తొలగించడం. డీటెయిలింగ్‌లో రంగు పొరలో ఇరుక్కున్న మలినాలను తీయడం, సన్నని గీతలను పాలిష్‌తో తగ్గించడం, వ్యాక్స్ లేదా సిరామిక్ కోటింగ్‌తో రక్షణ కల్పించడం, లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డు, ఏసీ రంధ్రాలు శుభ్రం చేయడం వంటి పనులన్నీ ఉంటాయి.

కారు రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో పైన ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక సగటు మందం దాదాపు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఈ పొర ఎంత పలుచనో అర్థమవుతుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ ఇందులో కొంత భాగం శాశ్వతంగా పోతుంది. కాబట్టి అక్కరలేని పాలిషింగ్‌ను అంటగట్టడం కస్టమర్ సొమ్ముతో పాటు ఆయన కారు రంగునూ ఖర్చు చేయించడమే. ఏ కారుకు ఏ పని అవసరం లేదో చెప్పగలిగిన వారి మాటకే ఈ వృత్తిలో విలువ పెరుగుతుంది.

ఈ ఊరి ప్రత్యేక సమస్య: రైలు ధూళి

డీటెయిలింగ్ పరిశ్రమలో ‘రైల్ డస్ట్’ అనే మాట ప్రచారంలో ఉంది. పట్టాలు, చక్రాలు, బ్రేకుల రాపిడి వల్ల సూక్ష్మమైన ఇనుప రేణువులు గాలిలోకి లేస్తాయి. కొత్త కార్లను రైలు వ్యాగన్లలో తరలించేటప్పుడు వాటి రంగుపై ఇవి అతుక్కోవడం వల్ల ఆ పేరు వచ్చింది. తేమ తగలగానే ఈ రేణువులు తుప్పుపట్టి, లేత రంగు కార్లపై గోధుమరంగు చుక్కలుగా కనిపిస్తాయి. కారు సొంత బ్రేకుల నుంచి కూడా ఇటువంటి రేణువులు వెలువడతాయి. పట్టాలకు దగ్గరగా నిలిపే కార్లపై ఇవి మరింత పేరుకునే అవకాశం ఉంది.

దేశంలో అత్యధికంగా సరుకు లోడింగ్ జరిగే రైల్వే డివిజన్లలో బిలాస్‌పూర్ ఒకటి. కోర్బా గనుల బొగ్గు రేకులు నిత్యం ఈ మార్గాల్లో నడుస్తాయి. సమీపంలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రం ఉంది. థర్మల్ కేంద్రాల బూడిదలో సిలికా, అల్యూమినా వంటి గట్టి పదార్థాలు ఉంటాయి. బొగ్గు ధూళి, బూడిద పేరుకున్న కారును పొడి గుడ్డతో తుడిస్తే సన్నని గీతలు పడతాయి. రోజూ ఉదయం కారును తుడిపించే యజమానులకు ఈ సంగతి చాలాసార్లు తెలియదు.

ఇనుప రేణువులను తొలగించడానికి ప్రత్యేక ద్రావణాలు దొరుకుతాయి. పిచికారీ చేసిన కొద్ది నిమిషాల్లో ద్రావణం ఇనుముతో చర్య జరిపి ఊదా రంగులోకి మారుతుంది. మిగిలిన గరుకుదనాన్ని క్లే బార్ అనే మెత్తని ముద్దతో, జారుడు ద్రవం వాడుతూ తీసివేస్తారు. ద్రావణం ఘాటైన వాసన వేస్తుంది కాబట్టి గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఎండలో కాలిన లోహంపైనా, ద్రావణం ఆరిపోయేంత సేపూ దీన్ని వాడకూడదు.

ఎవరు చేయవచ్చు? నిబంధనలు ఏమంటున్నాయి?

రైల్వే ఉద్యోగులకు 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. అందులోని 15వ నియమం ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వ్యాపారం చేయరాదు. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనులకు, గౌరవ హోదాలో చేసే సేవా కార్యక్రమాలకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని చేసే కార్ డీటెయిలింగ్ ఈ మినహాయింపు కిందకు రాదు.

కుటుంబ సభ్యులు నడిపే వ్యాపారం విషయంలోనూ ఈ నియమం రెండు మాటలు చెబుతుంది. బీమా ఏజెన్సీ, కమీషన్ ఏజెన్సీ వంటి కుటుంబ సభ్యుల వ్యాపారాలకు ఉద్యోగి అనుమతి లేకుండా గిరాకీ అడగకూడదు. కుటుంబ సభ్యుడు వ్యాపారంలో ఉంటే ఆ విషయాన్ని ఉద్యోగి ప్రభుత్వానికి తెలియజేయాలి. జీవిత భాగస్వామి, ఉద్యోగిపై పూర్తిగా ఆధారపడిన సంతానం, ఇతర బంధువులు ఈ నియమావళి దృష్టిలో కుటుంబ సభ్యులు. సొంత సంపాదనతో జీవించే కుమారుడు ఈ నిర్వచనం పరిధిలోకి రాకపోవచ్చు. అయినా తండ్రి తన కార్యాలయంలో అతని కరపత్రాలు పంచితే ప్రశ్నలు తలెత్తుతాయి.

బొగ్గు సంస్థ అధికారులకు 1978 నాటి కోల్ ఇండియా ప్రవర్తనా నియమావళి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1965 నాటి సివిల్ సర్వీసుల నియమావళి ఉన్నాయి. ప్రైవేటు ఉద్యోగులు తమ నియామక పత్రంలో మరో సంపాదనపై నిషేధం ఉందో లేదో చూసుకోవాలి.

వ్యాపారం చేసే వ్యక్తికి స్వేచ్ఛ ఉన్నప్పుడు నమోదు ప్రక్రియ సులువే. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్ ఆధారంగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటనంత వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. ఆదాయపు పన్ను లెక్కల్లో మాత్రం ఈ సంపాదనను చూపాలి.

ఉచిత సేవ ఎందుకు ప్రమాదకరం?

కొత్తగా మొదలుపెట్టేవారు పేరు రావడం కోసం ముందుగా ఒక పెద్ద అధికారి కారును ఉచితంగా చేసిపెట్టాలనుకుంటారు. ఆయన మెచ్చుకుంటే కాలనీ అంతా వస్తుందన్నది ఆశ. ప్రవర్తనా నియమావళిలోని 13వ నియమం బహుమతుల గురించి చెబుతుంది. అధికారిక లావాదేవీలు లేని సన్నిహిత బంధువులు, వ్యక్తిగత మిత్రులు కాకుండా ఇతరులు ఉచితంగా అందించే సేవ కూడా అందులో బహుమతిగానే లెక్కకు వస్తుంది. తండ్రి పనిచేసే విభాగానికి చెందిన అధికారి కారును కుమారుడు ఉచితంగా మెరిపిస్తే, ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఇబ్బందే.

వ్యాపారపరంగానూ ఇది మంచి మార్గం కాదు. ఒకరికి ఉచితంగా చేశారని తెలిసిన కాలనీలో రెండో వారిని డబ్బు అడగడం కష్టం. నమూనా చూపించడానికి ఇంతకంటే మేలైన పద్ధతి ఒకటి ఉంది.

సొంత కారే మొదటి ప్రకటన

ఎదుటివారి కారులోని లోపాన్ని ఎత్తిచూపడం డీటెయిలర్లు చేసే సాధారణమైన పొరపాటు. “మీ బండి పెయింట్ పాడైపోయింది” అన్న మాట నిజమే కావచ్చు. వాయిదాల మీద కొనుక్కుని, రోజూ తుడిపించుకునే యజమానికి అది తన శ్రద్ధను తప్పుపట్టినట్లు వినిపిస్తుంది.

దీనికి విరుగుడు, నమూనాను సొంత కారుపై గానీ ఇంట్లోవారి కారుపై గానీ చూపించడం. బానెట్ మధ్యలో టేపు అంటించి ఒక వైపు మాత్రమే ఇనుప రేణువులు తీసి, క్లే పట్టి, పాలిష్ చేసి ఉంచాలి. రెండో వైపును శుభ్రంగా కడిగి అలాగే వదిలేయాలి. చూడటానికి వచ్చిన వారి చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగించి రెండు వైపులా మెల్లగా తడమమనాలి. చేతికీ రంగుకూ మధ్య కవరు ఉంటే గరుకుదనం మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఒక వైపు ఇసుక కాగితంలా, మరొక వైపు గాజులా అనిపిస్తుంది. తరువాత ఎవరూ ఏమీ చెప్పనవసరం లేదు. యజమాని ఇంటికి వెళ్లి తన కారును కడిగించి తానే తడిమి చూసుకుంటాడు.

ఈ పరీక్షను కడగని కారుపై చేస్తే బొగ్గు రేణువులు రుద్దుకుని గీతలు పడతాయి. అందువల్ల ఇతరుల కారుపై అడగకుండా చేయి వేయడం మర్యాద రీత్యానే కాక వృత్తి రీత్యా కూడా తప్పే.

మొదటి మాట ఎలా ఉండాలి?

కాలనీలోని తెలుగు కుటుంబాల మధ్య వరుసల పిలుపులు సహజం. తండ్రి సహోద్యోగిని “బాబాయ్ గారూ” అనీ, ఆయన భార్యను “పిన్ని గారూ” అనీ పిలిచే యువకుడు అదే పిలుపుతో పని అడిగితే, పెద్దవారు బంధుత్వానికి సమాధానం చెబుతారు గాని సేవ గురించి ఆలోచించరు. కాబట్టి పిలుపు అలాగే ఉంచి, అభ్యర్థనలోని బరువును తగ్గించాలి.

ఉదాహరణకు: “బాబాయ్ గారూ, ఆదివారాలు కార్ డీటెయిలింగ్ చేస్తున్నానండి. మా ఇంటి ముందు బండి మీద సగం చేసి ఉంచాను. అటు వచ్చినప్పుడు ఓసారి చూసి, ఎలా ఉందో చెప్పండి.” ఇందులో కోరింది అభిప్రాయం మాత్రమే. ఇష్టం ఉన్నవారు ధర అడుగుతారు. లేనివారు “బాగుంది నాయనా” అని సాగిపోతారు. ఇద్దరికీ గౌరవం దక్కుతుంది.

హిందీలో మాట్లాడే కస్టమర్ల విషయంలోనూ సూత్రం ఇదే. ‘అంకుల్‌జీ’, ‘భయ్యా’, ‘సర్’ అన్న పిలుపుల్లో ఏది ఎక్కడ తగునో బిలాస్‌పూర్‌లో పెరిగిన వారికి చెప్పనక్కరలేదు. ఛత్తీస్‌గఢీలో ఒక పలకరింపు దగ్గరితనాన్ని పెంచుతుంది. పని వివరాలు, ధర మాత్రం ఎదుటివారు ధారాళంగా మాట్లాడే భాషలో, రాతపూర్వకంగా ఉండాలి.

‘వద్దు’ అన్నవారిని రెండోసారి అడగకపోవడం అన్నిటికంటే ముఖ్యం. మరుసటి రోజు ఎదురైనప్పుడు కారు ప్రస్తావన లేకుండా మామూలుగా పలకరించాలి. ఆ ఒక్క పలకరింపుతో కాదన్నందుకు నష్టమేమీ లేదన్న నమ్మకం వారికి కలుగుతుంది. తాము చేయించుకోకపోయినా, అడిగిన మిత్రులకు పేరు చెప్పేది సాధారణంగా ఇటువంటివారే.

సమయం, సందర్భం

రైల్వే కాలనీలో పగలు అందరికీ పగలు కాదు. లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు, కంట్రోల్ సిబ్బంది రాత్రి డ్యూటీ ముగించుకుని పగటిపూట నిద్రపోతారు. వారి విశ్రాంతి రైలు భద్రతకు సంబంధించిన విషయం. మధ్యాహ్నం తలుపు తట్టడం, కిటికీ పక్కన ప్రెషర్ వాషర్ నడపడం ఒక్కరోజులో పేరు పోగొట్టుకునే మార్గాలు. ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో తెలుసుకుని పని వేళలు నిర్ణయించుకోవాలి.

క్వార్టర్ నివాసం కోసం కేటాయించినది. అక్కడి నీరు, కరెంటుతో వ్యాపారం నడపడం అభ్యంతరాలకు దారితీస్తుంది. ప్రైవేటు స్థలంలో చోటు అద్దెకు తీసుకోవడం, లేదా కస్టమర్ సొంత ప్రాంగణంలో ఆయన అనుమతితో చేయడం మేలు.

ఏడాదిలో గిరాకీ సహజంగా పెరిగే రోజులు కొన్ని ఉన్నాయి. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజను రైల్వే వర్క్‌షాపులు, షెడ్లలో ఘనంగా జరుపుతారు. తెలుగు కుటుంబాలు దసరాకు ఆయుధపూజ చేసి వాహనాలకు నిమ్మకాయలు, పూలదండలు కడతాయి. ధన్‌తేరస్‌కు కొత్త వాహనాలు వస్తాయి. వాటిలో అనేకం పూజ కోసం సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ మహామాయ ఆలయానికి వెళతాయి. ఈ పండుగలకు పది రోజుల ముందు ఒక చిన్న సమాచారం పంపితే అది ఒత్తిడిలా అనిపించదు. కారును శుభ్రం చేయించాలన్న ఆలోచన అప్పటికే యజమాని మనసులో ఉంటుంది.

ఋతువులను బట్టి పని స్వభావమూ మారుతుంది. వేసవిలో చెట్ల జిగురు, పక్షుల రెట్టలు ఎండ వేడికి రంగును తినేస్తాయి. జూన్ మధ్య నుంచి వానలు మొదలయ్యాక లోపల బూజు, తివాచీల తడి ప్రధాన సమస్యలు. “వానలకు ముందు డోర్ రబ్బర్లు, నీరు పోయే రంధ్రాలు చూసుకోండి” వంటి ఉపయోగకరమైన సలహా, ధర ప్రస్తావన లేకుండా, ఏ తగ్గింపు ప్రకటన కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఫోన్, వాట్సాప్ మర్యాదలు

అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టరు నుంచో, సంఘం సభ్యుల జాబితా నుంచో నంబర్లు తీసుకుని సందేశాలు పంపడం తేలిక. అది సరైన పని కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, నమోదు లేకుండా సాధారణ 10 అంకెల నంబరు నుంచి వ్యాపార కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు చేస్తే గ్రహీత 1909కు ఫిర్యాదు చేయవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి కూడా వ్యక్తి సమ్మతే పునాది. ఒక అవసరానికి ఇచ్చిన నంబరును మరొక అవసరానికి వాడుకోవడం ఆ స్ఫూర్తికి విరుద్ధం.

పండుగ శుభాకాంక్షలు, అద్దెకు ఇళ్లు, మరణవార్తలు పంచుకునే సంఘం గ్రూపులో పదేపదే కారు ఫొటోలు పెడితే సభ్యులు విసుగు చెందుతారు. నిర్వాహకుల అనుమతితో ఒక్కసారి పెట్టి, ఆసక్తి ఉన్నవారిని విడిగా సంప్రదించమనడం సరిపోతుంది. కస్టమర్ కారు ఫొటోలు వాడుకోవాలంటే ఆయన సమ్మతి తీసుకోవాలి, నంబరు ప్లేటు కనిపించకుండా చూడాలి. ఎవరి కారుకు ఎంత మురికి పట్టిందో కాలనీకి చాటే ఫొటో, మెరుపు ఎంత బాగా వచ్చినా, ఆ కస్టమర్‌ను దూరం చేస్తుంది.

ధరలో దాపరికం వద్దు

పరిచయస్తులతో బేరం కుదుర్చుకోవడం ఇరువైపులా ఇబ్బందే. “నీ ఇష్టం బాబాయ్” అనడం వినయంగా కనిపిస్తుంది గాని, ఎంత ఇవ్వాలో తేల్చుకునే భారాన్ని ఎదుటివారిపైకి నెట్టేస్తుంది. తక్కువ ఇచ్చామేమోనన్న సంకోచంతో వారు మళ్లీ పిలవరు.

రసాయనాల ఖర్చు, ప్రయాణం, పనిముట్ల అరుగుదల, సొంత సమయానికి కూలి లెక్కవేసి, కారు పరిమాణాన్ని బట్టి ఒక ధరల పట్టిక ముద్రించుకోవాలి. బంధుమిత్రులకు తగ్గింపు ఇవ్వదలిస్తే దాన్ని కూడా ముందే నిర్ణయించి అందరికీ ఒకేలా వర్తింపజేయాలి. అధికారి కారుకూ గ్యాంగ్‌మన్ కుమారుడి కారుకూ ఒకే ధర ఉన్నప్పుడు కాలనీలో గుసగుసలకు తావుండదు.

వాగ్దానాల్లోనూ నిగ్రహం అవసరం. సిరామిక్ కోటింగ్ నీటిని, మురికిని జారవిడుస్తుంది, కడగడాన్ని సులువు చేస్తుంది. రాళ్ల దెబ్బలను ఆపలేదు. ‘9హెచ్’ అన్న సంఖ్య పెన్సిల్ గట్టిదనపు పరీక్షకు సంబంధించినది. దాన్ని వజ్రంతో పోల్చి చెప్పడం తప్పుదోవ పట్టించడమే. గోరు తగిలి ఆగేంత లోతైన గీత పాలిష్‌తో పోదని ముందే చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యలకు వీలు కల్పిస్తుంది. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని, నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని బయటపెట్టడాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతులుగా పరిగణిస్తుంది. చిన్న వ్యాపారమైనా ప్రతి పనికీ బిల్లు ఇవ్వడం అందుకే మంచిది.

తాళం చేతికి వచ్చాక

యజమాని కారు తాళం అప్పగించిన క్షణం నుంచి డీటెయిలర్‌పై చట్టపరమైన బాధ్యత ఉంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీన్ని ‘బెయిల్‌మెంట్’ అంటుంది. 151వ సెక్షన్ ప్రకారం, సాధారణ వివేకం గల వ్యక్తి తన సొంత వస్తువు విషయంలో ఎంత జాగ్రత్త తీసుకుంటాడో, అప్పగించిన వస్తువు విషయంలోనూ అంత జాగ్రత్త తీసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు యజమాని సమక్షంలో కారు చుట్టూ తిరిగి ఉన్న గీతలు, సొట్టలు ఫొటో తీయాలి. అనుమానంతో చేస్తున్నట్లు కాకుండా, “తరువాత మనిద్దరికీ సందేహం ఉండకూడదండి” అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. కిలోమీటర్ల రీడింగ్, లోపల ఉన్న వస్తువులు రాసుకోవాలి. కారును రోడ్డుపైకి తీసుకువెళ్లవలసి వస్తే డ్రైవింగ్ లైసెన్సు, బీమా అమల్లో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కారు లోపల ఒక కుటుంబపు ఆంతరంగిక జీవితం ఉంటుంది. ఆసుపత్రి చీటీలు, కోర్టు కాగితాలు, బ్యాంకు నోటీసులు కనిపించవచ్చు. వాటిని చదవకుండా ఒక సంచిలో పెట్టి యజమానికి అప్పగించాలి. చూసిన విషయాన్ని ఇంట్లోవారికి కూడా చెప్పకూడదు. చిన్న ఊళ్లో ఇటువంటి మాట ఒకటి బయటికి పొక్కితే తిరిగి సరిదిద్దడం అసాధ్యం.

పనిలో పొరపాటు జరిగితే యజమాని గమనించకముందే చెప్పాలి. పాలిషింగ్ మెషీన్ అంచు తగిలి రంగు కాలితే, ఆ భాగాన్ని సరిచేయించే ఖర్చును ఎవరు భరిస్తారో దాపరికం లేకుండా తేల్చుకోవాలి. తప్పు ఒప్పుకుని సరిదిద్దిన వ్యక్తి గురించి కాలనీ చెప్పుకునే మాట కూడా ప్రచారమే.

పని పూర్తయిన తరువాత

కారు తిరిగి ఇచ్చేటప్పుడు యజమానిని పొగడ్తల కోసం అడగకూడదు. చేసిన పనుల జాబితా, వాడిన పదార్థాలు, ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు ఒక కాగితంపై రాసి ఇవ్వాలి. పొడి గుడ్డతో తుడవవద్దని, రెండు బకెట్లు వాడి ఒకదానిలో షాంపూ, మరొకదానిలో గుడ్డ జాడించే నీరు ఉంచుకోవాలని చెబితే తదుపరి డీటెయిలింగ్ కొంత ఆలస్యం కావచ్చు. ఆ నష్టాన్ని మించిన నమ్మకం లభిస్తుంది.

“ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి” అన్న ఒక్క మాట చాలు. తెచ్చిన ప్రతి కస్టమర్‌కూ కమీషన్ అంటూ ఉద్యోగుల ముందు ప్రతిపాదన పెట్టడం వారిని పైన చెప్పిన నియమాల చిక్కుల్లోకి లాగుతుంది. మూడు నాలుగు నెలల తరువాత, సమ్మతి ఇచ్చినవారికి మాత్రమే, ఒకసారి గుర్తుచేసే సందేశం పంపవచ్చు. జవాబు రాకపోతే అదే జవాబు అనుకోవాలి.

గుర్తుంచుకోవలసిన అంశాలు

- ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా ఈ వ్యాపారం చేయకూడదు. కుటుంబ సభ్యుల వ్యాపారం గురించి కార్యాలయానికి తెలియజేయాలి.
- అధికారులకు ఉచిత సేవ చేయవద్దు. నమూనా సొంత కారుపైనే చూపించాలి.
- లోపం ఎత్తిచూపే బదులు యజమానే తడిమి తెలుసుకునే వీలు కల్పించాలి.
- రాత్రి డ్యూటీ సిబ్బంది విశ్రాంతి వేళల్లో తలుపు తట్టవద్దు, యంత్రాలు నడపవద్దు.
- సమ్మతి లేని నంబర్లకు సందేశాలు, కాల్స్ వద్దు.
- ధరల పట్టిక అందరికీ ఒకటే ఉండాలి. ప్రతి పనికీ బిల్లు ఇవ్వాలి.
- పనికి ముందు ఫొటోలు తీయాలి. కారులో కనిపించిన విషయాలు బయటికి చెప్పకూడదు.
- ‘వద్దు’ అన్నవారిని మళ్లీ అడగకూడదు. వారిని పలకరించడం మాత్రం మానకూడదు.